మా మామ నటన డిగ్రీని కొరికి చూసిన రోజు

పోయిన ఆదివారం పొద్దున నేను వరండాలో కూర్చుని, నా ఈడువాళ్లెవరైనా వెళ్లిపోయారేమోనని పేపరు చివరి పేజీలు చూసుకుంటుండగా, మా బావ మనుమరాలు గేటు ముందు స్కూటీ ఆపి, నమస్కారమూ కుశలమూ లేకుండా లోపలికి వచ్చి సెల్‌ఫోను నా ముక్కు కింద పెట్టింది. అందులో ఏదో కాలేజీ ఉంది. అద్దాల మేడ, దాని ముందు పచ్చిక, ఆ పచ్చిక మీద నల్లబట్టలు వేసుకుని కడుపునొప్పి వచ్చినట్టు మెలికలు తిరుగుతున్న పిల్లలు. నటనలో డిగ్రీ అట, మూడేళ్లట. ఆ పిల్ల అందులో చేరాలనుకుంటోంది, వాళ్లమ్మా నాన్నా రెండు వారాలుగా ఇంట్లో మౌనవ్రతం పట్టారు, చివరికి పెద్దాయన కదా అని మా బావను అడిగితే ఆయన కళ్లజోడు తుడుచుకుని, మన బంధువర్గం మొత్తంలో ఇలాంటి కాలేజీని పరీక్ష చేసిన అనుభవం ఒక్కడికే ఉంది, పోయి వాణ్ని అడుగు అన్నాడట. అంతటితో ఊరుకున్నా బాగుండేది. "ఈసారి నోరు మూసుకుని చూడమని చెప్పు" అని కూడా అన్నాడట.

ఆ మాట మోసుకొచ్చిన పిల్లకు దాని అర్థం తెలియదనుకున్నాను. నాకు తెలుసు. మా బావ మనసులో పెట్టుకున్నదాన్ని పైకి చెప్పడు, అలాగని పారేయడు కూడా. అటక మీద పెట్టిన ఇత్తడి గంగాళంలాగా అది అక్కడే ఉంటుంది, ఏ అవసరానికో దింపుతాడు. అరవై ఏళ్ల తరవాత ఆ గంగాళాన్ని దింపి, పనిలో పనిగా నా నెత్తిన పెట్టాడు.

మాది మైపాడు సముద్రానికి నడిచిపోయేంత దూరంలో ఉన్న పల్లె. గాలి అటునుంచి వీస్తే చేపల వాసన, ఇటునుంచి వీస్తే ఉడికిన వడ్ల వాసన, రెండూ కలిసి వీస్తే మా అత్త తలుపులు మూసేది. అరవైల మొదట్లో మా ఊరికి కరెంటు కొత్త, నాటకం పాత. ఏటా కోతలయ్యాక నెల్లూరి నుంచి హార్మోనియం ఆయన్ని పిలిపించి పద్యనాటకం ఆడేవాళ్లు. ఈ కాలంవాళ్లకు చెబితే నమ్మరు కానీ మీకు తెలుసు, ఆ నాటకాల్లో ఎవరెంత బాగా నటించారన్నది లెక్కలోకి రాదు, పద్యం చివర రాగం ఎంతసేపు లాగారన్నదే లెక్క. లాగినది నచ్చితే జనం వన్స్ మోర్ అని అరిచేవాళ్లు. ఇంగ్లీషు అక్షరం ముక్క రాని మా ఊళ్లో పిల్లాజెల్లా అందరికీ తప్పు లేకుండా వచ్చిన ఇంగ్లీషు అదొక్కటే. అరిచారంటే పాడినవాడు మళ్లీ పాడి తీరాలి. బతికున్న పాత్ర అయితే ఇబ్బంది లేదు. చచ్చేముందు పాడే పద్యానికి వన్స్ మోర్ పడితేనే చిక్కు. అప్పటికే చచ్చి పడుకున్నవాడు కిరీటం సర్దుకుని లేచి, హార్మోనియం ఆయన వైపు చూసి శ్రుతి అందుకుని, మళ్లీ పాడి మళ్లీ చావాలి.

మా బావ చావుల్లో దిట్ట. మా మేనమామ కొడుకు, నాకంటే రెండేళ్లు పెద్ద. పొడుగాటి మనిషి, గుండె మీద చెయ్యి వేసుకుని ఒక్కొక్క కీలే వదులు చేసుకుంటూ అతను కూలిపోతుంటే ఆడవాళ్లు కొంగులు తడుపుకునేవాళ్లు. ఒక ఏడాది రాజు వేషంలో మూడుసార్లు చచ్చాడు. నాలుగోసారి చావమని వన్స్ మోర్ పడి, అతను లేచి మళ్లీ గుండె మీద చెయ్యి వేసుకునేసరికి, ముందు చాప మీద కూర్చున్న నాకొక సంగతి తోచింది. తోచినదాన్ని దాచుకునే గుణం నాకు పుట్టుకతోనే లేదు.

"బావా, ఈసారి కొంచెం ఎడం పక్కన చావు. తబలా ఆయన కనపడటంలా."

జనం నవ్విన నవ్వుకు రాజుగారు పద్యం మరిచిపోయాడు. ఆ ఏటికి అదే ఆఖరి చావు. బావ పది రోజులు నాతో మాట్లాడలేదు. పదకొండోనాడు వచ్చి, తబలా ఆయన కూడా అదే మాట అన్నాడని ఒప్పుకున్నాడు. అతనిలో నాకు నచ్చేది అదే, కోపం ఎంత పెద్దదైనా నిజం కనపడితే పక్కకు జరిగి దానికి చోటిస్తాడు.

ఆ దెబ్బతో నాకు ఊళ్లో ఒక పేరు వచ్చింది. ఎవరైనా కాస్త గట్టిగా ఏడవబోయినా, ఎవరైనా భీకర ప్రతిజ్ఞ చెయ్యబోయినా ముందు నేను ఎక్కడున్నానో చూసుకునేవాళ్లు. పెళ్లిళ్లలో అప్పగింతల వేళకు నన్ను ఏదో ఒక పని చెప్పి వంటల దగ్గరికి పంపేవాళ్లు. ఆ విధంగా నేను మా వైపు జరిగిన ఒక్క అప్పగింత కూడా చూడలేదు కానీ పులిహోర కలపడం మాత్రం బాగా నేర్చుకున్నాను.

ఇక మా మామ. ఆయన వడ్ల వ్యాపారి. మొలగొలుకుల బియ్యం పేరు చెప్పి నెల్లూరు బతికిన రోజులవి, ఆ నెల్లూరుకు మా చుట్టుపక్కల ఊళ్ల నుంచి పోయే వడ్లలో సగం మా మామ చెయ్యి తగిలి పోయేవి. తగలడమంటే ఊరికే తగలడం కాదు. కళ్లంలో రైతు పైనుంచి తీసి చూపించే గింజను ఆయన చూసేవాడే కాడు. వరస నడిమిన ఉన్న బస్తా ఒకటి తనే ఎంచుకుని, మూతి విప్పించి, మోచేతిదాకా చెయ్యి దించి, పైదీ కాకుండా అడుగుదీ కాకుండా నడిమి గింజ పిడికెడు తీసేవాడు. అరచేతుల మధ్య నలిపి, పొట్టు ఊది, ఒక గింజను పక్కపంటితో కొరికి, ఆకాశం వైపు చూసేవాడు. ఆకాశంలో ఏముందో ఎవరికీ తెలియదు, అయినా అక్కడున్న అందరూ చూసేవాళ్లు. ఆ తరవాత ఒకటే మాట, కావాలనో వద్దనో. ఎద్దుల్నీ ఆయన అలాగే కొన్నాడు. మా అక్కకు సంబంధం చూడటానికి వెళ్లినప్పుడు పెళ్లికొడుకును పలకరించనైనా పలకరించకుండా, అతని ముగ్గురు తమ్ముళ్లలో నడిమివాణ్ని పెరట్లోకి పిలిచి అరగంట మాట్లాడి వచ్చాడు. సంబంధం బాగానే కుదిరింది, అయితే ఆ నడిమి తమ్ముడు ఇంకా మేలని మా అమ్మ చాలా ఏళ్లు అంటుండేది.

ఒక్క సంగతి ఇక్కడ చెప్పాలి. ఎడగారు, అంటే ఏడాదిలో రెండో పంట, కోతల వేళకు ఒక్కొక్క ఏడు తుఫాను వాన పడి కళ్లాల్లోనే ధాన్యం తడిసి మొలకలు వచ్చేవి. అలాంటి ఏడు మా మామ పద్ధతి మారేది కాదు, ధర మారేది. సగానికి అడిగేవాడు. తడిసినదాన్ని ఎవరో ఒకరు కొనాలి కదా, కొన్నవాడికీ అందులో కష్టమే కదా అని మా ఇళ్లలో అనుకునేవాళ్లం. రైతులు ఏమనుకునేవాళ్లో మా ఇళ్లదాకా వినపడేది కాదు.

పి.యు.సి. రెండోసారి కూడా పోయాక (పరీక్షే తనను గుర్తుపట్టలేకపోయిందని అనేవాడు) మా బావ ఒకనాడు అన్నం ముందు కూర్చుని, ముద్ద కలపకుండా, తాను నటుణ్ని అవుతానని ప్రకటించాడు. మామ మజ్జిగ పోసుకున్నాడు. మా జిల్లాలో ఆ ప్రకటనకు ఒకటే అర్థం, మద్రాసు రైలు ఎక్కడం. మా వైపు నుంచి అప్పటికే ఎక్కిన పిల్లకాయలు ఫలానా సినిమాలో గుంపులో కనపడ్డారని కొందరు, ఫలానా హోటల్లో బల్లలు తుడుస్తూ కనపడ్డారని కొందరు చెప్పేవాళ్లు. మొత్తం మీద హోటల్లో కనపడినవాళ్లే ఎక్కువ.

సరిగ్గా ఆ రోజుల్లోనే నెల్లూరులో ఒక ప్రైవేటు కాలేజీవాళ్లు కొత్తగా నటనకు డిగ్రీ పెట్టారన్న కరపత్రం, బెల్లం పొట్లం కట్టిన కాగితం రూపంలో, మా అత్త చేతికి వచ్చింది. ఆమె బెల్లం డబ్బాలో పోసి, కాగితాన్ని చేత్తో సాపు చేసి, మామ పడక్కుర్చీ చేతి మీద పెట్టింది. నటన మంచిదా చెడ్డదా అన్న పట్టింపు ఆమెకు లేదు. డిగ్రీ అంటే హాజరుపట్టీ ఉంటుంది, హాజరుపట్టీ ఉన్నచోట మగపిల్లలు చెడిపోరు, సాయంత్రం బస్సుకు ఇంటికొచ్చి పడతాడు, ఆఖరున ముద్ర వేసిన కాగితం ఇస్తారు, దాన్ని పటం కట్టించి పెళ్లిచూపుల నాడు గోడకు తగిలించుకోవచ్చు, ఇదీ ఆమె వాదన. కాగితానికి అంటిన బెల్లం చుట్టూ చీమలు పడుతుంటే మామ అంతా చదివి, చూద్దాం అన్నాడు. మిగతావాళ్ల నోట ఆ మాటకు వద్దని అర్థం. మా మామ నోట దానికి చూడటమనే అర్థం.

చూడటానికి తోడు నన్ను రమ్మన్నాడు. ఎందుకో కూడా చెప్పాడు. వడ్ల సంగతి తన పంటికి తెలుస్తుంది, నటన సంగతి తెలియదు, అబద్ధం ఎక్కడుంటే అక్కడ వీడి నోరు దురద పెడుతుంది కనక ఆ పూటకు వీడి నోరే తన పన్ను అని. నాకు జీవితంలో దక్కిన మొదటి ఉద్యోగం అది.

వెళ్లే రోజు తెల్లారగానే బావ మా పెరట్లోకి వచ్చాడు. చేతిలో టెరిలిన్ చొక్కా ఉంది. లేత నీలం రంగుది, మా ఊరంతటికీ అదొక్కటే. ఉతికిన గంటలో ఆరిపోతుందంటే, అదెట్లా ఆరుతుందో చూడటానికి పక్క ఊళ్ల నుంచి వచ్చి మా అత్త దండెం ముందు నిలబడిపోయినవాళ్లున్నారు. ఆ చొక్కాను నా భుజాన వేసి, ఇవాళ నువ్వు వేసుకో అన్నాడు. తను మాత్రం కాలరు మీద మాసిక వేసిన తెల్ల నూలుచొక్కాలో ఉన్నాడు. రాగం తీస్తే ఆపడం తెలియని మనిషి, ఆ పూట మాటల కోసం వెతుక్కున్నాడు.

"ఇది గూడా పోతే నాకింక కాటా పక్కన కూచోటమేరా. నీకేం తోచినా ఈ ఒక్కపూట మింగెయ్యి. నీకు దణ్ణం పెడతా."

పెట్టాడు కూడా. నేను మింగేస్తానని మాటిచ్చాను, నిజంగా మింగేద్దామనే ఇచ్చాను.

ఇందుకూరుపేట మీదుగా బస్సులో ముగ్గురం నెల్లూరు చేరాం. కాలేజీ అంటే ఎంత మేడో అనుకున్నాం. అదొక పెంకుటిల్లు, దాని వెనక రేకుల షెడ్డు. ముందు గదిలో ఒక పొడుగాటి కోటు, ఆ కోటు లోపల ప్రిన్సిపాలుగారు. ఆయన మామ చేత పేరూ ఊరూ వ్యాపారమూ చెప్పించుకుని, మమ్మల్ని కుర్చీల్లో కూర్చోబెట్టి, గాత్రం, కదలిక, రంగాలంకరణ అంటూ మూడేళ్ల చదువూ ఏకరువు పెట్టాడు. తొమ్మిది రసాలకూ వేరువేరుగా పరీక్షలు పెడతారట. శాంతరసంలో పిల్లలు నిద్రపోతే మార్కులు వేస్తారా తీస్తారా అని నాకు తోచింది. మింగాను. భయానకంలో తప్పినవాడు మళ్లీ సెప్టెంబరులో వచ్చి భయపడాలా అని తోచింది. అదీ మింగాను. గోడకు తగిలించిన అద్దం ముందు నిలబడి తనను తాను చూసి తానే ఏడుస్తున్న ఒక విద్యార్థిని చూపించి, సాధన చేస్తున్నాడని చెప్పారు. ఫీజు రసీదు గాని చూసుకున్నాడేమో అని గొంతుదాకా వచ్చింది. దాన్ని మింగడానికి మంచినీళ్లు అడగవలసి వచ్చింది. అప్పటికే టెరిలిన్ చొక్కా నాకు పొట్ట దగ్గర బిగుతుగా అనిపించింది. బావ నా వైపు చూసి కృతజ్ఞతగా కళ్లు మూసి తెరిచాడు.

మామ ఇదంతా గోడ మీద బల్లిని చూస్తూ విన్నాడు. రైతు తన ధాన్యాన్ని పొగుడుతుంటే కూడా ఆయన అలాగే వింటాడు. అంతా అయ్యాక అన్నాడు.

"చెప్పింది బాగుంది సార్. సరుకు చూపించండి."

ప్రిన్సిపాలుగారు ఒక్క క్షణం తడబడి, ఏం సరుకని అడిగి, తమ దగ్గర ఏడాదిగా చదువుతున్న పిల్లకాయలే ఆ సరుకని తెలుసుకుని, మమ్మల్ని వెనక షెడ్డులోకి తీసుకుపోయాడు. బావ గోడ పక్కకు పోయి నిలబడ్డాడు. ఎండాకాలంలో కూడా మెడకు మఫ్లరు చుట్టుకున్న నటన మాస్టారు ఒకాయన, మూడు వరసల బెంచీల్లో ఇరవైమంది లోపు పిల్లలు. మాస్టారు చిటిక వేయగానే ముందు వరస నుంచి ఉంగరాల జుట్టు కుర్రవాడొకడు లేచి, ఛాతీ నిండా గాలి పీల్చి, ఒక చెయ్యి పైకెత్తాడు. మామ ఆ చేతిని మెల్లగా పట్టుకుని కిందికి దించాడు.

"పై గింజ వద్దు నాయనా. పై గింజ యాడైనా బాగానే ఉంటది."

అని ముందు బెంచీ మీదుగా వంగి, చెయ్యి లోపలికి దించి, నడిమి వరసలో నడిమిన కూర్చున్న ఒక బక్కపిల్లవాడి భుజం పట్టి బయటికి తీశాడు. అచ్చం బస్తాలోంచి తీసినట్టే తీశాడు. ఆ పిల్లవాడు కోవూరు అవతల ఏదో పల్లెవాడు, ఎప్పుడూ ఎవరూ పిలవని వరసలో హాయిగా కూర్చున్నవాడు, ఇప్పుడు అందరి ముందూ నిలబడి చెమటలు తుడుచుకున్నాడు. ఏం చెయ్యాలో మామే చెప్పాడు. తనకు బాగా తెలిసిన సరుకైతేనే కదా కల్తీ పట్టుకోగలడు. కళ్లంలో వడ్లు వానకు తడిసిపోయినాయి, పొద్దున్నే కొనేవాడు వచ్చినాడు, అది చెయ్యి నాయనా అన్నాడు.

ముందు వరస కుర్రవాడు ఏడువు ఏడువు అని సైగ చేస్తున్నాడు. బక్కపిల్లవాడు అటు చూడలేదు. కాసేపు నేల వైపు చూసి, గొంతుక్కూర్చున్నాడు. లేని కుప్పలోకి మణికట్టుదాకా చెయ్యి పెట్టి పిడికెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. పిడికిలి తెరిచి, వేలికొసతో గింజలు కదిపి, మొలకలు చూశాడు. మళ్లీ మూశాడు. ఆ పిడికెడూ తీసిన చోటనే పోసి, కదిలించిన గుర్తు కనపడకుండా అరచేత్తో సాపు చేశాడు. చేసి, తలెత్తాడు. కొనేవాడు నిలబడి ఉండవలసిన చోట మా మామ నిలబడి ఉన్నాడు. ఆయన్ని చూసి ఆ పిల్లవాడు నవ్వాడు. ఇంటికి వచ్చినవాణ్ని చూసి నవ్వే చిన్న నవ్వు. పక్కకు జరిగి, పై పంచె తీసి నేల మీద దులిపి, ఆయన కూర్చోవడానికి చోటు చేశాడు. పంచె లేదు, కుప్ప లేదు, వాన లేదు. నాకు మాత్రం తడి వడ్ల వాసన వచ్చింది.

షెడ్డులో ఎండకు రేకులు టపటపమంటున్నాయి. మామ రెండు అరచేతులూ ఏమీ లేకుండానే రుద్దుకుంటున్నాయి. అలవాటుగా ఆకాశం వైపు చూశాడు. అక్కడ రేకులే ఉన్నాయి. మాస్టారు మెల్లగా, ఇది నేను నేర్పలేదే, ఎక్కడ నేర్చుకున్నావు అని అడిగాడు.

"మా కళ్లంలో చూసినా సార్."

మామ నా వైపు తిరిగి, ఏమిరా అబ్బయ్యా అని గొంతు తగ్గించి అడిగాడు. ఆయన అప్పటికే కావాలని తేల్చుకున్నాడని నాకు ఈ వయసులో తెలుస్తోంది. ఆ పూట ఆయనకు నా అభిప్రాయంతో పని లేదు, బాగుందని ఒక్క మాట కావాలి, దాన్ని పట్టుకుని తేరుకుందామనుకున్నాడు. కానీ మామూలు మనుషులకు ఏడుపు వచ్చే దారిలో నాకు వేరొకటి వస్తుంది. పొద్దుటినుంచీ మింగినవన్నీ వెనకనుంచి తోశాయేమో.

"ఇంకేంది మామా. సగానికి అడుగు."

మొదట ముందు వరస కుర్రవాడు నవ్వాడు. ఆ తరవాత షెడ్డు షెడ్డంతా నవ్వింది. పై గింజ వద్దన్నప్పుడే ఆయన వడ్ల వ్యాపారి అని అందరికీ తెలిసిపోయింది కదా, ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేకపోయింది. మాస్టారు మఫ్లరు నోటికి అడ్డం పెట్టుకున్నాడు, కోటు లోపల ప్రిన్సిపాలుగారు కదిలిపోయాడు. నా జన్మలో అంత పెద్ద నవ్వు నేను మళ్లీ తెప్పించలేదు. నవ్వించేవాడి అలవాటు ఒకటుంది, నవ్వుతున్నవాళ్లనే చూస్తాడు. నేనూ వాళ్లనే చూశాను. మామ మొహం మాత్రం చూడక తప్పలేదు, ఎందుకంటే ఆయన నా పక్కనే ఉన్నాడు. కండువా మడత విప్పి మళ్లీ మడిచి భుజాన వేసుకుని, ప్రిన్సిపాలుగారికి రెండు చేతులూ జోడించి, గుమ్మం దాటాడు. ప్రిన్సిపాలుగారు దరఖాస్తు కాగితం పట్టుకుని వీధి మలుపుదాకా వచ్చి ఆగిపోయాడు.

ఇల్లు చేరాక అత్త మంచినీళ్ల చెంబు చేతికిచ్చి ఏమైందని అడిగింది.

"సరుకు మంచిదే. మనకొద్దు."

ఆయన నోట రెండు ముక్కల తీర్పు రావడం అదే మొదలు, అదే ఆఖరు. అత్త అన్ని విధాలా అడిగి చూసింది. మూడోనాటికి ఆ బెల్లం కాగితాన్ని పొయ్యిలో పెట్టింది. నేను చొక్కా ఉతికి, గంటలో ఆరాక, మడత పెట్టి పట్టుకుపోతే బావ తీసుకోలేదు. నీకే బాగుందిరా, ఉంచుకో అన్నాడు. తిట్టినా బాగుండేది. ఆ చొక్కా నాలుగేళ్లు చిరగలేదు, టెరిలిన్ కదా.

తరవాతి సంగతులు పెద్దగా లేవు. ఆ మరుసటి ఏడు ఎడగారు కోతలకు వాన పడ్డప్పుడు మామ మోకాళ్లు నొప్పులన్నాడు. ఆ మోకాళ్లకు ఎండాకాలంలో ఏ నొప్పీ ఉండేది కాదు, తడిసిన కళ్లానికి పోవాలంటేనే నొప్పి. ఆయన బదులు బావ పోవడం మొదలుపెట్టాడు. అలా కాటా పక్కన కూర్చున్నాడు, కూర్చున్నాడే కానీ చావడం మానలేదు. రైతు ధర చెప్పగానే గుండె మీద చెయ్యి వేసుకుని, ఒక్కొక్క కీలే వదులు చేసుకుంటూ బస్తాల మీద కూలిపోయేవాడు. కూలీలు పనులు ఆపుకుని వచ్చి చూసేవాళ్లు. కుప్ప పక్కనుంచి ఎవరో వన్స్ మోర్ అనేవాళ్లు. మూడుసార్లు చచ్చి లేచాక, రైతు కళ్లు తుడుచుకుంటూ నవ్వుతుంటే, పక్క ఊరి వ్యాపారి ఇచ్చేదానికంటే ఒక పిసరు ఎక్కువకే కొనేవాడు. ఇట్లా అయితే వ్యాపారం ఉంటుందా అని అత్త గొణిగేది. మామ ఆకాశం వైపు చూసి ఊరుకునేవాడు. వ్యాపారం ఉంది, చిత్రంగా ఇంకొంచెం పెరిగింది కూడా. తడిసిన ఏడు మిగతావాళ్ల దగ్గరికి పోవడానికి రైతులకు మనసొప్పేది కాదు.

ఆ కాలేజీలో నటన చదువు రెండేళ్లకే ఎత్తేశారు. ఆ షెడ్డులో చాలా కాలం సైకిళ్లు పెట్టుకునేవాళ్లు. నేను ఉద్యోగం పని మీద నెల్లూరు పోయినప్పుడల్లా ఏదో నెపం పెట్టుకుని సైకిలు అక్కడే పెట్టేవాణ్ని. ఆ బక్కపిల్లవాడు ఏమయ్యాడో తెలియలేదు. చాలా ఏళ్లు సినిమా చూసినప్పుడల్లా గుంపుల్లో నడిమిన ఉన్నవాళ్లనే వెతికాను.

ఆదివారం సాయంత్రం ఆ పిల్ల నన్ను స్కూటీ వెనక ఎక్కించుకుని మా బావ దగ్గరికి తీసుకుపోయింది. కాలేజీవాళ్లు ముందుగా ఒక నిమిషం వీడియో పంపమన్నారట, అది మా ఇద్దరి ముందూ చేస్తానంది. బావ పడక్కుర్చీలో, నేను ముక్కాలిపీట మీద. ఏం చెయ్యబోతున్నావమ్మా అని అడిగితే, తాతయ్య చెప్పిన కథ అని మాత్రం అని, ఫోనును నీళ్ల సీసాకు ఆనించి, గోడ పక్కకు పోయి నిలబడింది. నేను ముందుజాగ్రత్తగా తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాను.

ఆ పిల్ల ఏమీ మాట్లాడలేదు. గోడ పక్క నిలబడి, ఎదురుగా ఎవరో ఇద్దరిని చూస్తోంది. వాళ్లలో ఒకరు మాట్లాడబోతున్నారు. ఆ మాట ఏమిటో తనకు ముందే తెలిసినట్టు మొహం మెల్లగా వెలుగుతోంది, ఊపిరి బిగబట్టి ఉంది. ఆ మాట వచ్చింది. మొహం అలాగే ఉంది కాసేపు, దానికింకా కబురు అందనట్టు. అటు చూసింది, ఇటు చూసింది, చుట్టూ అందరూ నవ్వుతున్నారు. చెయ్యి మెల్లగా మెడ దగ్గరికి పోయి, కాలరు మీద మాసికను కప్పుకుంది. ఆ తరవాత, అందరికంటే ఆలస్యంగా, తనూ నవ్వింది. నవ్వకపోతే బాగుండదేమోనని నవ్వే నవ్వు.

ఆ రోజు నేను చూడని మొహం అది. అరవై ఏళ్లు ఆలస్యంగా చూశాను. తువ్వాలు అవసరం లేకపోయింది, నోట్లో తోచినదంటూ ఏమీ లేదు. ఊరంతా గొంతు చించుకుని అరిచిన రోజుల్లో కూడా నేను ఒక్కసారీ అనని మాట, వెక్కిరించడమే తప్ప అనడం చేతకాని మాట, ఎక్కడినుంచో వచ్చింది.

"వన్స్ మోర్."

బావ కళ్లజోడు తీసి పంచె కొసతో తుడుచుకున్నాడు.

"ఇప్పటికి అన్నావురా."

ఆ పిల్ల, మళ్లీ ఎందుకు తాతా, ఇందులో ఉంది కదా అని ఫోను తెచ్చి మా ఇద్దరి మధ్యా పెట్టి వేలితో నొక్కింది. మళ్లీ వచ్చింది, అదే మొహం, అదే నవ్వు. వచ్చే వారం కాలేజీ చూడటానికి ముగ్గురం పోతున్నాం. ఫోనులో ఆ కాలేజీకి ఎవరెవరో ఎన్నో నక్షత్రాలు ఇచ్చారు కానీ నేను ఆ పిల్లకు ఒకటే చెప్పాను, నడిమి వరసలో కూర్చున్నవాణ్ని చూడమని. నాకు చొక్కా మాత్రం ఈసారి ఇవ్వనని బావ ముందే చెప్పేశాడు.

ఇప్పుడు మా వైపు కళ్లాలు లేవు. మిషను కోసిన ధాన్యం చేలోంచే లారీ ఎక్కుతుంది, తేమ ఎంతో ఇంకొక మిషను చెబుతుంది, కొనేవాడు బస్తాలో చెయ్యి పెట్టనక్కర్లేదు, అమ్మేవాడి మొహం చూడనక్కర్లేదు. నాటకాలూ లేవు. ఏదైనా మళ్లీ చూడాలంటే వేలు నొక్కితే చాలు, ఎన్నిసార్లైనా మొదటినుంచీ వస్తుంది, ఎవరినీ బతిమాలనక్కర్లేదు. ఆ రోజుల్లో మళ్లీ కావాలంటే గొంతెత్తి అడగవలసి వచ్చేది. అడిగితే చచ్చిపోయిన రాజు కూడా కిరీటం సర్దుకుని లేచి వచ్చేవాడు. ఆ రేకుల షెడ్డులో ఆ పూట అడగవలసినవాణ్ని నేను, నాకు ఆ రెండు మాటలూ వచ్చు కూడా.